కర్ర ఓడ నమూనా కట్టడం ఎలా: పలకలు పరవడం దగ్గరే అసలు పని

ఓడ నమూనాలు కట్టాలన్న కోరిక పుట్టగానే చాలామంది చూపు విక్టరీ మీద పడుతుంది. 1765లో నీటిలోకి దిగి, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో నిలిచి ఉన్న మూడు తెరచాప స్తంభాల యుద్ధనౌక అది. ఫిరంగులు నూటికి పైగా ఉన్నాయి. తాళ్ళన్నీ కలిపితే దాదాపు 42 కిలోమీటర్లని లెక్క. విడి ముక్కలుగా అమ్మే దాని నమూనా కిట్టు పెట్టె మీద బొమ్మ చూసి కొన్నవారిలో ఎక్కువమంది ఆ పెట్టెను అటక మీదికి చేర్చారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

మొదటి ఓడకు మూడు లక్షణాలుండాలి: ఒకే స్తంభం, తక్కువ తాళ్ళు, రెండు పొరల పలకలు. రెండు పొరలు ఎందుకంటే, మొదటి పొరలో చేసిన తప్పులన్నీ రెండో పొర కింద దాగిపోతాయి. నేను సూచించేది షెర్బోర్న్. 1763లో కట్టిన, పది ఫిరంగుల చిన్న నౌక. ఇంగ్లండ్ తీరంలో దొంగ సరుకు రవాణా చేసేవాళ్ళను తరమడానికి ఇలాంటి ఒంటి స్తంభం చిన్న నౌకలను, అంటే కట్టర్లను, వాడేవారు. కాల్డర్‌క్రాఫ్ట్ కంపెనీ 1:64 కొలతలో దీని కిట్టు చేసింది. దొరక్కపోతే ఒంటి స్తంభం ఉన్న మరే చిన్న ఓడైనా సరే. కింద చెప్పే పద్ధతి అన్నింటికీ ఒకటే.

కిట్టు విదేశాల నుంచి తెప్పిస్తే రవాణా ఖర్చు, దిగుమతి సుంకం కలిసి ధర బాగా పెరుగుతుంది. వద్దనుకుంటే నక్షా నుంచే సొంతంగా కట్టవచ్చు. గ్రీనిచ్‌లోని జాతీయ నౌకా మ్యూజియం పాత బ్రిటిష్ ఓడల నక్షాల నకళ్ళు అమ్ముతుంది. అయితే సొంతంగా కట్టడం రెండో ఓడకు ఉంచుకోండి. అన్నట్టు, యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీది రెండు స్తంభాల ఓడను కట్టాలని మనవాళ్ళలో కొందరికి ఆశ. నాకూ ఉంది. కానీ నాణెం మీద కనిపించేది పక్కనుంచి ఒక ఆకారం మాత్రమే. అడుగు ఎంత గుండ్రమో, మధ్యలో ఎంత వెడల్పో అది చెప్పదు. కాబట్టి అందులో సగం మీ ఊహే అవుతుంది. నాలుగు ఓడలు కట్టిన చేతికి ఆ ఊహ చేసే అర్హత వస్తుంది.

కొలత అర్థం చేసుకోండి

1:64 అంటే అసలు ఓడలో 64 అంగుళాలు మీ బల్ల మీద ఒక అంగుళం. ఐదడుగుల ఆరంగుళాల మనిషి 26 మిల్లీమీటర్లు అవుతాడు. అట్టముక్కతో అంత ఎత్తు మనిషిని కత్తిరించి బల్ల మీద నిలబెట్టుకోండి. ఓడ పక్కగోడ, మెట్లు, చుక్కాని పిడి, ఏది పెట్టినా ముందు ఆ మనిషిని పక్కన ఉంచి చూడండి. అతని చేతికి అందని పిడి, అతను దూరలేని తలుపు ఉంటే కొలత తప్పిందని అర్థం. కిట్లలో వచ్చే లోహపు సామాను చాలాసార్లు అవసరానికి మించి లావుగా ఉంటుంది. ఈ అట్టమనిషి దాన్ని వెంటనే పట్టిస్తాడు.

నక్షా ప్రింటు తీయిస్తే అందులో తెలిసిన ఒక కొలతను స్కేలుతో సరిచూడండి. ప్రింటరు కాగితానికి సరిపెట్టాలని బొమ్మను కొద్దిగా కుదిస్తుంది. మూడు శాతం తేడా కంటికి కనిపించదు, పలక వేసేటప్పుడు మాత్రం కనిపిస్తుంది.

పనిముట్లు, కర్ర

పెద్ద జాబితా అక్కర్లేదు. మార్చుకునే బ్లేడ్లున్న చిన్న కత్తి, సన్నటి పళ్ళ రంపం, ఉక్కు స్కేలు, మూలమట్టం, వెర్నియర్ కాలిపర్, సన్నటి ఆకురాళ్ళు, 1 మిల్లీమీటరు లోపు రంధ్రాలు వేసే చేతి డ్రిల్లు, రెండు పట్టకారులు, అరచేయంత చిత్రిక. బిగించడానికి బట్టల క్లిప్పులు, ఆఫీసు కాగితాలకు వాడే నల్ల క్లిప్పులు చాలు. గరుకు కాగితం 120, 180, 240, 400 నంబర్లవి తెచ్చుకుని చెక్కముక్కలకు అంటించి వాడండి. వేలితో పట్టి రుద్దితే మెత్తటి చోట పల్లం పడుతుంది.

జిగురు రెండు రకాలు. కర్రకు కర్రను అతికించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు. ఆరేలోగా సర్దుకునే సమయం ఇస్తుంది, తప్పైతే తడిపి విడదీయవచ్చు. ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు లోహపు ముక్కలకు, చుక్కచుక్కగా తాత్కాలికంగా పట్టి ఉంచడానికి. ఇది బయటికి కారితే అక్కడ పాలిష్ పట్టదు, మచ్చ మిగులుతుంది. దాని ఆవిరి కళ్ళను మండిస్తుంది, కాబట్టి కిటికీ తెరిచి ఉంచండి. చెక్కపొడి రేగే పనికి మాస్కు తప్పనిసరి. ముఖ్యంగా వాల్‌నట్ పొడి కొందరికి ముక్కులో, చర్మం మీద చిరాకు పెడుతుంది.

కిట్టులో మొదటి పొరకు లైమ్‌వుడ్, రెండో పొరకు వాల్‌నట్ పట్టీలు సాధారణంగా వస్తాయి. సొంతంగా కట్టేవారికి మన దగ్గర టేకు సులువుగా దొరుకుతుంది. అసలు ఓడలకు టేకు గొప్ప కర్ర. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో నీటిమీద ఉంది. అయినా నమూనాకు టేకు నాకు నచ్చదు. దాని చారలు, రంధ్రాలు ముతక. చిన్న కొలతలో అవి ఓడ పలకల్లా కాక బల్ల చెక్కలా కనబడతాయి. కర్ర ఎంత నున్నగా, చారలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. చిన్న కప్పీలు, ముక్కు దగ్గర నింపే దిమ్మెలు వంటి చెక్కడపు పనికి ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చక్కగా పనికివస్తుంది. మెత్తగా తెగుతుంది, పొరలు లేవవు.

తెచ్చిన కర్రను వెంటనే కోయకండి. మీరు పనిచేసే గదిలోనే కొన్ని రోజులు విప్పి పడుకోబెట్టండి. కోస్తా ఊళ్ళలో వానాకాలపు గాలి తేమకు కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. ఆ రెండింటి మధ్య పలక వేస్తే తర్వాత సందులు విడతాయి.

అస్థిపంజరం నిలబెట్టడం

ఓడ నడుమ పొడవునా ఉండే ప్లైవుడ్ దూలం, దానికి అడ్డంగా గాళ్ళలో కూర్చునే అడ్డపలకలు కలిస్తే అస్థిపంజరం. ముందుగా ఆ దూలాన్ని వంటగది గ్రానైటు బండ మీద పెట్టి చూడండి. వంకర ఉంటే రెండు వైపులా కాస్త తడిపి, బరువులు పెట్టి ఆరనివ్వండి. ఇక్కడ మిగిలిన వంకర చివరిదాకా మీతోనే ఉంటుంది, తెరచాప స్తంభం ఎక్కించిన రోజు అందరికీ కనిపిస్తుంది.

అడ్డపలకలను జిగురు లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూడండి. గాడి బిగుతుగా ఉంటే ఆకురాయితో సవరించండి, సుత్తితో కొట్టకండి. తర్వాత ఒక్కొక్కదాన్ని మూలమట్టంతో దూలానికి నిలువుగా, అడ్డంగా సరిచూసి అతికించండి. ముక్కు దగ్గర మొదటి రెండు అడ్డపలకల మధ్య ఖాళీలో బాల్సా అనే తేలిక కర్ర లేదా అంకుడు దిమ్మెలు నింపి ఓడ ఆకారానికి చెక్కండి. కిట్టులో చెప్పకపోయినా చేయండి. పలకలు బాగా వంగేది అక్కడే, పట్టు కావాల్సింది కూడా అక్కడే.

వెనుక భాగంలో ఒక పని చాలామంది మరిచిపోతారు. చుక్కాని వైపు కింది భాగంలో దూలాన్ని రెండు వైపులా పలచగా చెక్కాలి. అక్కడ దూలం మందం, రెండు వైపులా పడే రెండు పొరల పలకల మందం కలిపితే వెనుక నిలువు కర్ర మందానికి సమం కావాలి. చెక్కకుండా పలకలు వేస్తే ఓడ వెనక లావుగా తేలుతుంది, చుక్కాని దాని ముందు పుల్లముక్కలా కనిపిస్తుంది.

అంచులు వాలుగా చెక్కడం

అడ్డపలక అంచు లేజరు కోతలో చదరంగా వస్తుంది. కానీ ఓడ పక్కభాగం ముక్కు వైపు, వెనుక వైపు లోపలికి వంగుతుంది కదా. అందుకని ముందు సగంలోని అడ్డపలకల ముందు అంచును, వెనుక సగంలోని వాటి వెనుక అంచును వాలుగా అరగదీయాలి. నడుమ ఉన్నవాటికి దాదాపు పని ఉండదు.

ఎంత వాలు కావాలో తెలుసుకోవడానికి ఒక పలక పట్టీ తీసుకుని కనీసం నాలుగు అడ్డపలకల మీదుగా వేలితో ఆనించి పట్టుకోండి. ప్రతిచోటా అంచు పూర్తి వెడల్పున పట్టీకి తగలాలి. మూల మాత్రమే తగిలితే ఇంకా అరగాలి. పట్టీ ఎక్కడైనా గాలిలో తేలితే అక్కడ ఎక్కువ అరిగిందని గుర్తు, పలచటి చీలిక అతికించి మళ్ళీ అరగదీయండి. లేజరు కాల్చిన గోధుమ రంగు ఇక్కడ ఉపయోగపడుతుంది. అంచుకు ఓడ నడుమ వైపున్న మూలన సన్నటి గీతగా మిగిలిందంటే మీరు అసలు ఆకారం పోగొట్టలేదని భరోసా.

ఈ పనికి మూడు సాయంత్రాలు పట్టినా సరే. ఓడ నమూనాలకు ఓపిక కావాలని అందరూ చెబుతారు. నేను మాత్రం ఒప్పుకోను. కావాల్సింది కొలవడం. కొలవనివాడికే ఓపికతో పని పడుతుంది, వేసింది పీకి మళ్ళీ వేయాలి కాబట్టి.

పలకలు పరవడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొత్తవాళ్ళు పట్టీని ఉన్న వెడల్పున మొదలుపెట్టి, ఒకదాని కింద ఒకటి అతికించుకుంటూ పోతారు. నాలుగో వరుసకు ముక్కు దగ్గర పట్టీలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కుతాయి. ఎనిమిదో వరుసకు చిలవలు పలవలుగా ఖాళీలు మిగులుతాయి. పట్టీలో లోపం లేదు. ఓడ నడుమ చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. రెండు చోట్లా అన్నే పలకలు పట్టాలంటే ప్రతి పలకా ముక్కు వైపు సన్నబడాలి. కాకినాడ పరిసరాల్లో కర్ర బోట్లు కట్టే చోటికి వెళ్ళే వీలుంటే ఒకసారి చూసి రండి. కోరంగి, తాళ్ళరేవు ఓడల నిర్మాణానికి పాతకాలం నుంచి పేరున్న ప్రాంతం. ఒక్క పలక అంచును కొసదాకా చూపుతో వెంబడిస్తే, ఇక్కడ నేను పేజీ నిండా చెప్పేది అక్కడ క్షణంలో తెలుస్తుంది.

లెక్క ఇలా వేయండి. సన్నటి కాగితం పట్టీని నడుమ అడ్డపలక అంచు వెంబడి, డెక్కు అంచు నుంచి కింది దూలం దాకా ఆనించి పొడవు గుర్తుపెట్టండి. 80 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మీ పట్టీ 5 మిల్లీమీటర్లయితే 16 వరుసలు. ఇప్పుడు ముక్కు దగ్గరి అడ్డపలక మీద అలాగే కొలవండి. 48 వస్తే, 16తో భాగిస్తే 3. అంటే అక్కడ ప్రతి పలకా 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. ఇలా ఒకటి విడిచి ఒక అడ్డపలక మీద కొలిచి, గుర్తులు పెన్సిలుతో గీయండి. పలక ఏ గుర్తు దగ్గర ఎంత వెడల్పుండాలో ఓడే చెబుతుంది.

ఒక హద్దు పాటించండి: ఏ పలకనూ దాని వెడల్పులో సగం కన్నా సన్నగా చేయకూడదు. 5 మిల్లీమీటర్ల పట్టీకి అది 2.5. ముక్కు దగ్గర కొలత 36 వచ్చి లెక్క 2.25 తేలితే, రెండు మూడు పలకలను అక్కడిదాకా రానివ్వకుండా మధ్యలోనే ఆపి, పక్క పలకను వాటి కొసకు సరిపడేలా కోసి ఒకటిగా కలపాలి. వెనుక వైపు దీనికి తిరగబడిన సమస్య ఉంటుంది. చుక్కాని కింద చుట్టుకొలత నడుమ కన్నా ఎక్కువ కావచ్చు. 88 వస్తే పలకకు 5.5 కావాలి, పట్టీ 5 మాత్రమే. మిగిలే ఖాళీలో ఒక కొసకు సన్నబడే చీలికలు వేయాలి. వాటిని ఒకేచోట గుమిగూడనివ్వకుండా రెండు మూడు వరుసల మధ్య పంచండి.

మొదటి పలక డెక్కు అంచు పక్కన పడుతుంది. రెండోది అడుగున దూలానికి ఆనుకుని. అడుగు పలక ముక్కు దగ్గర పైకి ఎక్కడానికి చూస్తుంది, ఎక్కనివ్వకండి. అది దూలం వెంబడి తిన్నగా పోయి, ముక్కు వంపు మొదలయ్యే చోటే ఆగాలి. అది పైకి పాకితే పై పలకలన్నీ నలిగిపోతాయి. ఆ తర్వాత పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి వేస్తూ రండి. ఎడమ వైపు ఒకటి వేస్తే కుడి వైపు వెంటనే దాని జోడు. ఒకే వైపు ఆరు పలకలు వేసేస్తే ఆరుతున్న జిగురు దూలాన్ని ఆ వైపుకు లాగి వంచుతుంది. ప్రతి నాలుగు వరుసలకు మిగిలిన ఖాళీని మళ్ళీ కొలిచి మళ్ళీ భాగించండి, లెక్క కొద్దిగా జరుగుతూనే ఉంటుంది.

వంచడం గురించి. కోసి సన్నబరచిన పలకను గోరువెచ్చటి నీటిలో పావుగంట నానబెట్టి, జిగురు లేకుండా దాని చోట క్లిప్పులతో బిగించి రాత్రంతా వదిలేయండి. పొద్దున అది ఆ వంపులోనే ఉంటుంది, అప్పుడు జిగురు రాయండి. తడి పలకనే అతికిస్తే ఆరాక కుంచించుకుని పక్కన సందు తెరుచుకుంటుంది. ముక్కు దగ్గర వంపు మరీ తీవ్రమైతే తడిపిన పలకను సోల్డరింగ్ ఐరన్ కాండం మీద మెల్లగా ఒరుసుతూ వంచండి. పొగ వస్తే ఆపండి. చిన్న ఇత్తడి మేకులు వాడితే సగం దాకా మాత్రమే దిగగొట్టి, జిగురు ఆరాక పీకేయండి.

రెండు వైపులా మూతపడ్డాక 120తో మొదలుపెట్టి 240 దాకా అరగదీయండి. పల్లాలు కంటికన్నా వేళ్ళకు బాగా తెలుస్తాయి, కళ్ళు మూసుకుని తడమండి. సందుల్లో అదే కర్ర పొడి, తెల్ల జిగురు కలిపిన లప్పం నింపండి. రెండో పొర పలకలు అర మిల్లీమీటరు మందానివే కాబట్టి వాటికి వంపు బాధ లేదు. కానీ సన్నబరిచే లెక్క వాటికీ తప్పదు, పైగా ఇవి బయటికి కనిపించేవి. వాటిని అరగదీసేటప్పుడు చేయి తేలిగ్గా ఉండాలి, లేకపోతే కింది పొర బయటపడుతుంది.

డెక్కు

ఇది సులువు, హాయైన పని. అసలు ఓడల్లో డెక్కు పలక ఓ 24 అడుగులుంటే 1:64లో అది 114 మిల్లీమీటర్లు. ముక్కు నుంచి వెనుక దాకా ఒకే పలక వేయకండి, అంత పొడవు చెట్టు ఎక్కడిది? పలకల అతుకులు పక్కపక్క వరుసల్లో ఒకే గీత మీద పడకుండా మూడు లేదా నాలుగు వరుసలకొకసారి మాత్రమే అదే చోటికి వచ్చేలా జరపండి. పలకల సందుల్లో తారు నింపినట్టు కనబడాలంటే ప్రతి పలక ఒక అంచును మెత్తటి పెన్సిలుతో నల్లగా రుద్దితే చాలు. నల్ల రంగు వద్దు, కర్రలోకి పాకుతుంది.

స్తంభం, తాళ్ళు

గుండ్రటి కర్ర కొని పైకి సన్నబరచడం కన్నా, చదరపు కర్రను చిత్రికతో ముందు నాలుగు ముఖాలుగానే సన్నబరిచి, తర్వాత మూలలు తీసి ఎనిమిది ముఖాలు చేసి, చివర గరుకు కాగితంతో గుండ్రంగా తిప్పడం మేలు. పాత ఓడల వడ్రంగులదీ ఇదే దారి. తెరచాప కట్టే అడ్డకొయ్యలకు కట్టాల్సిన కప్పీలన్నీ ఓడ మీదికి ఎక్కించక ముందే బల్ల మీద కట్టేయండి.

స్తంభాన్ని నిలబెట్టే కదలని తాళ్ళకు తారు పూసేవారు కాబట్టి ముదురు గోధుమ రంగు, తెరచాపలను లాగే తాళ్ళకు లేత జనపనార రంగు. నూగు లేని పాలియెస్టర్ దారం మంచిది. ప్రతి దారాన్నీ తేనెమైనం ముద్ద మీదుగా ఒకసారి లాగండి. పక్క తాళ్ళను కుడి వైపు ముందు జత, ఎడమ వైపు ముందు జత, మళ్ళీ కుడి, ఇలా మార్చిమార్చి బిగించండి, స్తంభం ఒక పక్కకు ఒరగదు. నావికులు ఎక్కే అడ్డతాళ్ళ నిచ్చెనకు వెనుక గీతల కాగితం పెట్టుకోండి. మెట్టుకు మెట్టుకు మధ్య 5 నుంచి 6 మిల్లీమీటర్లు. ముడి గట్టిగా లాగితే పక్క తాళ్ళు లోపలికి నడుములా వంగుతాయి. ముడి వదులుగా వేసి, నీళ్ళు కలిపిన తెల్ల జిగురు చుక్క పెట్టండి.

తెరచాపలు వేయవద్దని నా సలహా. ఎంత పలచటి బట్టైనా ఆ కొలతకు గోనెసంచిలానే ఉంటుంది.

పాలిష్, పెట్టె

స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ పలచగా రెండు మూడు చేతులు వేయండి. వాన రోజున వద్దు, గాలి తేమకు తెల్లటి మసక పడుతుంది. అవిసె నూనె వాడితే ఒక జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి బుట్టలో పడేయకండి. అది ఆరుతూ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరుబయట ఆరేసి, పూర్తిగా ఆరాక పారేయండి.

అద్దాల పెట్టె తప్పనిసరి. తాళ్ళ మధ్య పట్టిన దుమ్మును దులపడం తాళ్ళు కట్టడం కన్నా కష్టం. పెట్టె అడుగుకు ఎండీఎఫ్ (కర్రపొట్టు అదిమి చేసే బోర్డు) గానీ ఓక్ గానీ వాడకండి. వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం కలిసిన ఫిరంగులు, లంగర్లు తెల్లగా పొడి రాలుతాయి. మ్యూజియంలను సైతం వేధించిన సమస్య ఇది. ఒక మూల సన్నటి గాలి రంధ్రం ఉంచండి. పెట్టెను ఎండ పడని గోడకు, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో పెడితే, ముక్కు దగ్గర పలకలు సన్నబడిన తీరు చూసేవారికి స్పష్టంగా కనిపిస్తుంది.